నాంగ్‌పా లా కనుమ మీద నాలుగో శీలం

 

ప్రతి ఆదివారం విహారంలో పంచశీల చెప్పుకుంటాం. అందులో నాలుగోది అబద్ధం ఆడకుండా ఉండడం. ఐదింటిలో ఇదే తేలిక అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మా విహారానికి వచ్చే ఒక పెద్దాయన ఒకసారి నవ్వుతూ అన్నాడు: "సారా మానడం కష్టం గానీ, అబద్ధం మానడానికేముంది అయ్యా, నోరు మూసుకుని కూచుంటే సరి!" అందరం నవ్వాం. కానీ ఆ మాట అక్కడితో పోలేదు, నన్ను పట్టుకుంది. నోరు మూసుకుంటే శీలం నిలుస్తుందా? కళ్ల ముందు ఒక మనిషిని చంపారు. చూసినవాడు అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. వాడు నాలుగో శీలాన్ని పాటించినట్టా, తప్పినట్టా?

ఇట్లాంటి ప్రశ్నను గాల్లో పెట్టి చర్చిస్తే ఎంతకీ తేలదు. ఒక చోటు కావాలి, ఒక రోజు కావాలి, కొందరు మనుషులు కావాలి. అందుకని మన ఊళ్లకు చాలా దూరంగా ఉన్న ఒక కొండదారి సంగతి ముందు చెబుతాను. దూరపు సంగతి అయితే కోపం అడ్డం రాకుండా ఆలోచించవచ్చు. దగ్గరికి తర్వాత వద్దాం.

టిబెట్ భాషలో "లా" అంటే కనుమ. నేపాల్‌కూ టిబెట్‌కూ మధ్య, ప్రపంచంలో ఆరో ఎత్తైన శిఖరం చో ఓయు పక్కన, నాంగ్‌పా లా అనే కనుమ ఉంది. ఎత్తు దాదాపు 5,700 మీటర్లు. మన ఆంధ్రాలో అన్నిటికంటే ఎత్తైన కొండ 1,700 మీటర్ల లోపే ఉంటుంది. అట్లాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఈ కనుమ అందదు. అక్కడ ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు దొరికే ఆక్సిజన్ మన దగ్గర దొరికేదాంట్లో సగం. దారి అంటే మట్టి దారి కాదు, గడ్డకట్టిన మంచునది. మధ్యలో చీలికలు, వాటిమీద కొత్తగా పడిన మంచు. కాలు ఎక్కడ దిగుతుందో తెలియదు.

అయినా మనుషులు వందల ఏళ్లుగా ఆ దారినే నడిచారు. షేర్పాల పూర్వీకులు టిబెట్ తూర్పు ప్రాంతమైన ఖామ్ నుంచి ఈ కనుమ దాటే నేపాల్‌లోని ఖుంబూ లోయకు వచ్చారని చెబుతారు. టిబెట్ ఉప్పు, ఉన్ని జడలబర్రెల మీద కిందికి దిగేవి. నేపాల్ ధాన్యం పైకి ఎక్కేది. అటు టింగ్రీ, ఇటు థామే, నాంచే బజారు. వాళ్లకు అది సంతకు పోయే దారి, పెళ్లిసంబంధాలకు పోయే దారి, బౌద్ధ విహారాలకు పోయే దారి. 1961లో నేపాల్, చైనా సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పట్నుంచి ఆ కనుమ మీద ఒక గీత ఉంది. గీత కాగితం మీదే ఉంటుంది, మంచు మీద కనబడదు. దాని కోసం తుపాకులు మాత్రం మంచు మీదికి వచ్చాయి.

1959లో దలైలామా భారతదేశానికి వచ్చేశాక, ఆయన వెనకాల టిబెట్ జనం కూడా రావడం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో వాళ్లు ఎక్కువగా వాడిన దారుల్లో ఈ నాంగ్‌పా లా ఒకటి. పగలు దాక్కుని, రాత్రి నడిచి, జేబులో కాస్త బార్లీ పిండి పెట్టుకుని, మామూలు కాన్వాస్ బూట్లతో దాటేవాళ్లు. కాలివేళ్లు మంచుకు చచ్చిపోయి, తీసేయించుకున్నవాళ్లు ఎందరో. పిల్లల్ని ఒంటరిగా పంపిన తల్లిదండ్రులు ఉన్నారు. ధర్మశాలలో బడి ఉంది, అక్కడ సొంత భాషలో చదువుకుంటారు అనే ఒక్క ఆశతో పంపేవాళ్లు. ఏడేళ్ల పిల్లను ఆ మంచులోకి పంపాలంటే ఆ ఇంట్లో ఎంత ఆలోచించి ఉంటారో మనకు అర్థమవుతుంది. మన అమ్మలూ నాన్నలూ మనల్ని హాస్టళ్లలో వదిలి వెనక్కి చూడకుండా పోయినవాళ్లే కదా.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను, లేకపోతే కొందరు మిత్రులు అడుగుతారు. టిబెట్ బౌద్ధం మన బౌద్ధం కాదు. మంత్రాలు, తంత్రాలు, పునర్జన్మ ఎత్తిన లామాలు, వీటిలో దేన్నీ బాబాసాహెబ్ మనకు ఇవ్వలేదు. పాత టిబెట్ సమాజం సమసమాజమూ కాదు. భూములు మఠాల చేతుల్లో, దొరల చేతుల్లో ఉండేవి. కమ్మరులను, కసాయివాళ్లను, శవాలు మోసేవాళ్లను అక్కడా తక్కువగానే చూశారు. బుద్ధుడి బొమ్మ ఇంట్లో ఉన్నంత మాత్రాన అంటరానితనం పోదని టిబెట్ కూడా చెబుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ మంచులో నడిచిపోతున్న మనిషి వీపు మీద కాల్చడానికి ఇందులో ఏదీ కారణం కాదు. చైనా పాలకులు "మేం బానిసలను విముక్తి చేశాం" అంటారు. విముక్తి అయినవాళ్లు రాత్రిపూట దాక్కుంటూ ఎందుకు పారిపోవాలి అనేది నా ప్రశ్న.

2006 జనవరిలో మన అమరావతిలో దలైలామా కాలచక్ర కార్యక్రమం జరిగింది. గుంటూరు జిల్లా వాళ్లకు బాగా గుర్తుంటుంది. కృష్ణ ఒడ్డున గుడారాలు, ఎర్ర చీవరాలు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనం. నేనూ వెళ్లాను, అప్పుడు కుర్రతనం, చూద్దామని. స్తూపం చుట్టూ ఒక టిబెట్ ముసలామె తిరుగుతూ ఉంది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. స్తూపాన్ని చూపించి, నా వైపు చూపించి ఏదో అడిగింది. "ఇది మీదేనా" అని అడిగిందని నాకనిపించింది. అవునని తల ఊపాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది. మన తాతలను గుడి మెట్లు ఎక్కనివ్వలేదు. ఒక కట్టడాన్ని చూపించి "మీదేనా" అని ఒక పెద్దామె అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ పూజలు నాకు ఎక్కకపోయినా, ఆ చేతులు గుర్తున్నాయి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో డెబ్భై మందికి పైగా టిబెటన్లు నాంగ్‌పా లా వైపు బయల్దేరారు. వాళ్లలో కెల్సాంగ్ నామ్‌త్సో అనే పదిహేడేళ్ల భిక్షుణి ఉంది. దలైలామాను చూడాలి, చాటుమాటు లేకుండా భిక్షుణిగా బతకాలి, ఇదే ఆమె కోరిక. సెప్టెంబర్ 30 ఉదయం వాళ్లు కనుమ ఎక్కుతుండగా చైనా సరిహద్దు బలగాలు కాల్పులు జరిపాయి. కెల్సాంగ్ నామ్‌త్సో పడిపోయింది. మరుసటి రోజుకు కూడా శవం మంచులోనే ఉంది. నలభై మందికి పైగా ఎట్లాగో నేపాల్ చేరారు. మిగతావాళ్లు పట్టుబడ్డారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

ఆ కనుమ మీద అంతకుముందు కూడా ఇట్లాంటివి జరగలేదని ఎవరూ చెప్పలేరు. ఈసారి తేడా ఏమిటంటే, చూసినవాళ్లు ఉన్నారు. చో ఓయు ఎక్కడానికి అనేక దేశాల నుంచి వచ్చిన పర్వతారోహకుల క్యాంపు ఆ దారి పక్కనే ఉంది. పదుల సంఖ్యలో మనుషులు గుడారాల బయట నిలబడి చూశారు. కొందరి చేతుల్లో కెమెరాలు, దుర్భిణులు. మంచు మీద వరసగా నడుస్తున్న నల్లటి చుక్కలు, తుపాకీ శబ్దం, ఒక చుక్క ఆగిపోవడం. తర్వాత సైనికులు క్యాంపులోకే వచ్చారు. పట్టుకున్న పిల్లల్ని తుపాకుల మధ్య వరసగా నడిపించుకుపోవడం కూడా వాళ్లు చూశారు.

ఇంతమంది చూస్తే, ఆ సాయంత్రానికే ప్రపంచానికి తెలియాలి. వాళ్ల దగ్గర శాటిలైట్ ఫోన్లు ఉన్నాయి. కానీ క్యాంపులో చాలామంది చేసింది తర్వాతి రోజు పనికి సిద్ధం కావడం. శిఖరం ఎక్కాలి కదా. కొందరు బృందాల నాయకులు నోరు విప్పవద్దని చెప్పారని తర్వాత బయటికొచ్చింది. ఒక అమెరికన్ గైడ్ ఈమెయిల్ పంపడం వల్ల మొదట వార్త బయటపడింది. అతని మీద తోటివాళ్లే కోపం చేసుకున్నారు.

మౌనంగా ఉన్నవాళ్లను తిట్టడం సులువు. కానీ ధమ్మం గురించి మాట్లాడేటప్పుడు ఎదుటివాడి వాదనను దాని బలంతోనే వినాలి. వాళ్ల వాదన ఇట్లా ఉంటుంది: మేమింకా చైనా భూమి మీదే ఉన్నాం. సైనికులు మా గుడారాల మధ్యే తిరుగుతున్నారు. మాతో వచ్చిన వాళ్ల ప్రాణాలు మా బాధ్యత. రేపు చైనా అనుమతులు ఆపేస్తే, మాకే కాదు, మా దగ్గర పనిచేసే షేర్పాలకు, వంటవాళ్లకు, జడలబర్రెలు తోలేవాళ్లకు కూడు పోతుంది. మేం చెప్పినంత మాత్రాన చనిపోయిన పిల్ల తిరిగి రాదు.

ఇందులో ఒక్కటి కూడా పచ్చి అబద్ధం కాదు. అందుకే ఇది నిజమైన నైతిక ప్రశ్న అయింది.

బుద్ధుడు కూడా నిజమైన ప్రతిదాన్నీ ఎప్పుడు పడితే అప్పుడు చెప్పెయ్యమనలేదు. అభయ రాజకుమారుడితో జరిగిన సంభాషణలో ఆయన చెప్పిన దాని సారం ఏమిటంటే, మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, అప్పుడు వినేవాళ్లకు చేదుగా ఉన్నా సమయం చూసి చెప్పాలి. సమయం చూసి అన్నాడు, గమనించండి. సైనికుడి ఎదురుగా నిలబడి "నువ్వు హంతకుడివి" అని అరవడం సమయం కాకపోవచ్చు. సరిహద్దు దాటేదాకా, ఖాట్మండు చేరేదాకా ఆగడం తప్పు కాదు. రొమేనియా నుంచి వచ్చిన సెర్జియు మతేయ్ అనే కెమెరామన్ చేసింది అదే. కాల్పులను వీడియో తీశాడు. టేపు దాచి బయటికి తెచ్చాడు. దేశం చేరాక టీవీలో వేశారు. స్లొవేనియా పర్వతారోహకుడు పావ్లె కోజెక్ ఫొటోలు తీశాడు, చైనా దాటాక బయటపెట్టాడు. వీళ్లు ఆగారు, కానీ ఒక తేదీ దాకా ఆగారు. ఇంకొందరి మౌనానికి తేదీ లేదు. వచ్చే సీజన్ అయ్యేదాకా, ఆ తర్వాతి సీజన్ అయ్యేదాకా. సమయం చూసుకునేవాడికీ, సమయం ఎప్పటికీ రాకుండా చూసుకునేవాడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

కొద్ది రోజులకు చైనా ప్రభుత్వ వార్తాసంస్థ షిన్‌హువా ఒక కథ చెప్పింది. అక్రమంగా సరిహద్దు దాటుతున్నవాళ్లను సైనికులు వెనక్కి పొమ్మని నచ్చజెప్పారట, వాళ్లు వినకుండా సైనికుల మీద పడ్డారట, ఆత్మరక్షణ కోసం కాల్చాల్సి వచ్చిందట, గాయపడ్డ ఒకరు తర్వాత ఆక్సిజన్ అందక చనిపోయారట. మతేయ్ తీసిన వీడియోలో అట్లాంటిదేమీ లేదు. మనుషులు వీపులు తిప్పి, వరసగా, దూరంగా నడిచిపోతున్నారు. వాళ్ల చేతుల్లో ఏ ఆయుధమూ లేదు. తుపాకీ మోగింది, ఒకరు కూలిపోయారు.

నా మటుకు నాకు నాలుగో శీలం ప్రశ్న ఇక్కడ తేలింది. సెప్టెంబర్ 30 సాయంత్రం నోరు మూసుకున్నవాడిది భయం కావచ్చు, జాగ్రత్త కావచ్చు. భయాన్ని నేను పాపం అనను. కానీ ఆత్మరక్షణ కథ బయటికొచ్చిన రోజు నుంచి లెక్క మారిపోయింది. అప్పటిదాకా మౌనం ఖాళీ జాగా. ఇప్పుడు ఆ జాగాలో ఒక అబద్ధం ఇల్లు కట్టుకుంది. "నేను చూశాను, అట్లా జరగలేదు" అని చెప్పగలిగినవాడు చెప్పకపోతే, ఆ ఇంటికి వాడే గోడ. నాలుక కదలకుండానే అబద్ధంలో భాగం పంచుకున్నాడు. శీలాన్ని నాలుకతో కొలిచేవాళ్లకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. కానీ బుద్ధుడు కర్మను చేతనతో, అంటే మనసులోని ఉద్దేశంతో కొలిచాడు గానీ నాలుక కదలికతో కాదు. ఎదుటివాడు మోసపోతున్నాడని తెలిసి, మోసపోనివ్వాలని నిర్ణయించుకుని మౌనంగా ఉండడం ఉద్దేశం కాక మరేమిటి?

ప్రభుత్వాలు కూడా ఇట్లాంటి మౌనాలు పాటిస్తాయి. ఈ సందర్భంలో మన శీలానికి సంబంధించిన ఒక విచిత్రమైన సంగతి చెప్పాలి. 1954 ఏప్రిల్‌లో భారతదేశం, చైనా ఒక ఒప్పందం చేసుకున్నాయి. లోకం దాన్ని "పంచశీల" ఒప్పందం అని పిలిచింది. నిజానికి ఆ ఒప్పందంలో ఎక్కువ భాగం టిబెట్‌తో వర్తకం గురించీ, యాత్రల గురించీ. వర్తకులూ యాత్రికులూ ఏ దారిన పోవాలో చెబుతూ షిప్కీ, మానా, నీతి, లిపులేఖ్ వగైరా ఆరు కనుమల పేర్లు రాశారు. టిబెట్ మీద చైనా అధికారాన్ని మనం ఒప్పుకున్న కాగితానికి, మన ఉపాసకులు రోజూ చెప్పుకునే శీలం పేరు! ఆ ఏడాది ఆగస్టు 26న రాజ్యసభలో బాబాసాహెబ్ దీన్ని ఉతికి ఆరేశారు. పంచశీల బౌద్ధ ధమ్మంలో ముఖ్యభాగం, మావోకు దాని మీద ఏమాత్రం నమ్మకం ఉన్నా తన దేశంలోని బౌద్ధులతో వేరేగా నడుచుకునేవాడు అన్నది ఆయన వాదన. లాసాను చైనా చేతిలో పెట్టి, ఆ దేశపు సరిహద్దును మన గడప దాకా తెచ్చుకున్నామని కూడా హెచ్చరించారు. ఆయన ధమ్మదీక్ష తీసుకోవడానికి ఇంకా రెండేళ్ల ముందు మాట ఇది. శీలం అనే మాటను ఎవరైనా అందమైన ముసుగుగా వాడుకుంటే ఆయనకు ఒళ్లు మండేది. కనుమల పేర్లు రాసుకున్నారు గానీ, ఆ కనుమల వెనకాల ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు దగ్గరికి వస్తాను. నాంగ్‌పా లా కాల్పులు 2006 సెప్టెంబర్ 30న. దానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, సెప్టెంబర్ 29న, ఖైర్లాంజి. మీకు వేరే చెప్పక్కర్లేదు. మహారాష్ట్ర, భండారా జిల్లా. భోత్మాంగే కుటుంబం, మనలాగే బాబాసాహెబ్ దారిలో బౌద్ధులైనవాళ్లు. సురేఖ, కూతురు ప్రియాంక, కొడుకులు రోషన్, సుధీర్. నలుగురినీ ఊరు చూస్తుండగా చంపారు. తండ్రి భయ్యాలాల్ ఒక్కడే మిగిలాడు. ఎందుకు చంపారు? భూమి తగాదా ఉంది, కులం ఉంది. కానీ ఆ రోజుకు ఆ రోజు నిప్పు రాజేసింది మరొకటి. తమకు అండగా ఉన్న సిద్ధార్థ్ గజ్‌భియే అనే ఆయన్ను కొట్టినవాళ్లు ఎవరో సురేఖ, ప్రియాంక పోలీసులకు చెప్పారు. అంటే సాక్ష్యం చెప్పారు. ఆ కేసులో బెయిలు మీద వచ్చినవాళ్లు నేరుగా ఆ ఇంటికే వచ్చారు.

నాలుగో శీలాన్ని మన కాలంలో అందరికంటే కష్టంగా పాటించినవాళ్లు ఎవరంటే నేను ఆ తల్లీకూతుళ్ల పేర్లే చెబుతాను. చూశారు, చెప్పారు. వాళ్లను చంపుతుంటే చూసిన ఊరు మాత్రం చెప్పలేదు. మూడు రోజులకు, అక్టోబర్ 2న, అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని నాగపూర్ దీక్షాభూమిలో లక్షల మంది అశోక విజయదశమి జరుపుకున్నారు. ధమ్మదీక్షకు యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. అక్కడున్నవాళ్లలో ఎక్కువమందికి ఖైర్లాంజి కబురే తెలియదు. పత్రికలు పట్టించుకోవడానికి వారాలు పట్టింది, అదీ జనం రోడ్ల మీదికి వచ్చాక. నాంగ్‌పా లాలో ఒక కెమెరా ఉంది కాబట్టి ప్రపంచం ఆ అమ్మాయి పేరు రెండు వారాల్లో తెలుసుకుంది. ఖైర్లాంజిలో కెమెరా లేదు. చివరికి కోర్టు శిక్షలు వేసింది గానీ, ఇది కులం వల్ల జరిగిన నేరమని ఒప్పుకోలేదు, అట్రాసిటీ చట్టం కింద శిక్ష పడలేదు. చూసినవాళ్లు నోరు విప్పని చోట కులం కూడా కోర్టుకు కనబడదు.

అయితే సాక్ష్యం చెబితే ఇట్లా అవుతుందని తెలిశాక, చెప్పమని ఇంకొకరిని ఏ ముఖంతో అడుగుతాం?

ఈ మాటను నన్ను ముఖం మీదే అడిగినవాడు ఉన్నాడు. కొన్నేళ్ల కింద ఒక ఊళ్లో మన కుర్రాణ్ణి బజారులో కొట్టారు. ఎదురుగా టీకొట్టు ఉంది. కొట్టు ఆయన బీసీ మనిషి, మంచివాడే, అంతా చూశాడు. వెళ్లి అడిగాను.

"అన్నా, నువ్వు చూసింది చూసినట్టు చెబితే చాలు."

గ్లాసులు కడుగుతూనే అన్నాడు: "నీకేం తమ్ముడూ, నువ్వు చెప్పించి బస్సెక్కి పోతావు. పొద్దున్నే ఈ కొట్టు తెరవాల్సింది నేను. ఈ రేకులు ఎవరి స్థలంలో వేశానో తెలుసా నీకు?"

తెలుసు. కొట్టినవాళ్ల పెదనాన్న స్థలంలో. ఆయన సాక్ష్యానికి రాలేదు. నాకు కోపం రాలేదని చెప్పను. కానీ ఆ మాటలో ఉన్న నిజాన్ని తీసి అవతల పెట్టలేకపోయాను. చో ఓయు క్యాంపులో బృంద నాయకుడు చెప్పిన "మా షేర్పాల కూడు పోతుంది" అనే మాట, ఈ టీకొట్టు మాట ఒకటే అనిపిస్తాయి. కాదు. ఇక్కడ తన కూడు గురించి తనే చెబుతున్నాడు. అక్కడ వేరేవాళ్ల కూడును అడ్డం పెట్టుకుని, పాస్‌పోర్టు, విమానం టికెట్టు ఉన్నవాడు చెబుతున్నాడు. ఆ షేర్పాలను ఎవరైనా కూర్చోబెట్టి "మీరేమంటారు" అని అడిగారా? చనిపోయిన పిల్ల ఏ దారిన వస్తూ చనిపోయిందో, వాళ్ల ముత్తాతలు ఆ దారినే వచ్చారు.

దీనికి జవాబు వెతుకుతుంటే నాకు దొరికింది బాబాసాహెబ్ రాసిన సిద్ధార్థుడి కథే. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడనే పాత కథను ఆయన ఒప్పుకోలేదని మనందరికీ తెలుసు. "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో కథ రోహిణీ నది దగ్గర మొదలవుతుంది. అదీ సరిహద్దే. ఇటు శాక్యులు, అటు కోలియులు, మధ్యలో నీళ్ల తగాదా. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానం చేసింది. సిద్ధార్థుడు లేచి వద్దన్నాడు. తప్పు ఎవరిదో ముందు విచారిద్దాం అన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. ఓడినా యుద్ధంలో చేరనన్నాడు. సేనాపతి శిక్షలు చదివాడు: ఉరి లేదా దేశబహిష్కారం, కాదంటే కుటుంబానికి సాంఘిక బహిష్కారం, భూముల జప్తు. సాంఘిక బహిష్కారం! ఆ మాట రాసేటప్పుడు బాబాసాహెబ్‌కు మన ఊళ్లు గుర్తొచ్చే ఉంటాయి.

అప్పుడు సిద్ధార్థుడు ఏం చేశాడన్నదే చూడండి. మాట వెనక్కి తీసుకోలేదు. "నా కుటుంబాన్ని ముట్టుకోవద్దు, వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు, శిక్ష నాకు వెయ్యండి" అన్నాడు. తనే పరివ్రాజకుడై దేశం వదిలి పోతానని దారి కూడా చూపించాడు. నిజం చెప్పడం ఒక పని. దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో చూసి, ఆ ఖర్చును తన వైపు లాక్కోవడం రెండో పని. మనం ధైర్యం గురించి మాట్లాడినప్పుడల్లా మొదటి పని గురించే మాట్లాడతాం. ఆయన రెండూ చేశాడు.

ఆ లెక్కన కనుమ దగ్గర నిలబడి చూస్తే, క్యాంపులో అందరి అప్పూ ఒకటి కాదు. వంటవాడు మౌనంగా ఉంటే, వాడు కట్టలేని ఖర్చు ముందు ఆగిపోయాడు. బృంద నాయకుడు మౌనంగా ఉంటే, ఒక సీజన్ ఆదాయాన్ని ఒక ప్రాణం కంటే ఎక్కువ తూచాడు. అతను "నా పేరు రాసుకోండి, నా కంపెనీ పేరు రాసుకోండి, నా పనివాళ్ల పేర్లు రాయొద్దు" అని ఉంటే షేర్పాల కూడుకు వచ్చే ముప్పు చాలావరకు తనమీదికే వచ్చేది. ఆ వెసులుబాటు ఉండి కూడా వాడుకోకపోవడాన్ని నేను భయం అనలేను.

ఇక టీకొట్టు ఆయన సంగతి. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో 15ఏ అనే సెక్షన్ వచ్చింది. బాధితులకే కాదు, సాక్షులకూ రక్షణ, రాకపోకల ఖర్చు, అవసరమైతే వేరే చోట ఉండే ఏర్పాటు ఇవ్వాలని అందులో ఉంది. మన కార్యకర్తల్లో సగంమందికి అది కాగితం మీద కూడా తెలియదు, పోలీసుస్టేషన్‌లో అడిగేది ఇంకెక్కడ. ఆయన దగ్గరికి నేను వెళ్లిన రోజుకు ఆ సవరణ రాలేదు. కానీ మన సంఘం తరఫున ఇంకో చోట నాలుగు రేకులు వేయించే ఏర్పాటు చేసుకుని, అప్పుడు అడిగి ఉంటే ఆయన ఏమనేవాడో? సాక్షిని అడగడానికి ముందు సంఘం చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. సంఘం శరణం గచ్ఛామి అంటాం కదా. ఆ శరణం అంటే నెలకు ఆయన కొట్టు అద్దె ఎంత, ఎన్ని నెలలు అనే లెక్క కూడా.

మతేయ్ గురించి ఇంకొక్క సంగతి. కాల్పుల తర్వాత తప్పించుకున్న ఒక టిబెటన్ క్యాంపులోని మరుగుదొడ్డి గుడారంలో దాక్కున్నాడు. బయట సైనికులు తిరుగుతున్నారు. మతేయ్ అతన్ని చూశాడు, తిండి పెట్టాడు, బట్టలిచ్చాడు. టేపు ఎంత ప్రమాదమో ఇదీ అంత ప్రమాదమే. నాలుగో శీలం గురించి రాస్తూ దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. అక్కడ ఒక్క మాట కూడా లేదు, తిండి, బట్టలు అంతే.

2008లో టిబెట్‌లో పెద్ద అలజడి జరిగాక సరిహద్దు కాపలా బాగా పెరిగింది. అంతకుముందు ఏడాదికి రెండు మూడు వేల మంది దాకా కనుమలు దాటి నేపాల్ మీదుగా వచ్చేవాళ్లు, ఆ తర్వాత ఆ సంఖ్య పడిపోయింది. చలికాలం మొదలవగానే హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో టిబెటన్లు ఉన్ని స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా. మనం బేరం ఆడి కొనుక్కొస్తాం. ఆ దుకాణాల్లో ఉన్న ముసలివాళ్లలో, నడివయసు వాళ్లలో ఇట్లాంటి ఏదో ఒక కనుమను కాళ్లతో దాటినవాళ్లు ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు బేరం అయ్యాక ఏ దారిన వచ్చారని అడగండి. చాలామందికి హిందీ వచ్చు.

వచ్చే నెల ఈ పుస్తకాన్ని విహారాల్లో చర్చకు పెట్టేవాళ్లకు ఒక మనవి. చర్చను కెల్సాంగ్ నామ్‌త్సోతో కాకుండా ఆ క్యాంపు వంటవాడితో మొదలుపెట్టండి. అతనికి నలుగురు పిల్లలు ఉన్నారనుకోండి, ఆ సీజన్ జీతమే ఏడాది తిండి అనుకోండి. అతను మీ దగ్గరికి వచ్చి "నేను చూశాను, చెప్పమంటారా?" అని అడిగితే మీ సంఘం ఏం జవాబు చెబుతుంది, దాని వెనకాల ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు నిలబడతారు అన్నది రాసుకుని రండి.